పరజల పాయలో లోవరాజు

గోదావరి మా వీధిలోకి వచ్చేసింది, దానికి ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు, నేను మోకాళ్ల లోతు నీళ్లలో మా గుమ్మం కోసం వెతుక్కుంటూ నడుస్తుంటే గుమ్మం ఉండాల్సిన చోట పరజలు ఈదుతున్నాయి, చలికాలం ఎక్కడెక్కడి నుంచో వచ్చే అడవి బాతులు, వాటి మధ్య బోర్లించిన మట్టి కుండలు తేలుతున్నాయి, వాటిలో ఒకటి మాత్రం ప్రవాహానికి ఎదురుగా నా వైపే వస్తోంది. దాని కింద ఉన్నది మా ఆయనేనని నాకు తెలుసు. మనిషి పోయి ఏడాదైనా తిరగలేదు, అప్పుడే వేషాలు మొదలుపెట్టాడని నా ఒళ్లు మండిపోతోంది.

మా మామగారి కాలంలో పరజల్ని అలాగే పట్టేవారు. ఖాళీ కుండలు కొన్నాళ్లు నీటిమీద వదిలేస్తే పిట్టలు వాటికి అలవాటు పడిపోతాయి, ఆ తర్వాత మనిషి కన్నాలు పెట్టిన కుండ తలకు బోర్లించుకుని పీకల్లోతు నీళ్లలో వాటి మధ్యకు వెళ్లి ఒక్కొక్కదాన్నీ కాళ్లు పట్టి కిందికి లాగేస్తాడు. వేట నేరమని తెలిశాక మా ఇంట్లో ఆ కుండ ఎవరూ ముట్టుకోలేదు. మా ఆయన లోవరాజు పడవ మీద జనాన్ని తిప్పి బతికాడు.

"కుండ తియ్యి మావా, నీతో మాటాడాలి."

తీస్తాడు. జుట్టు పొడిగానే ఉంది. "మెల్లగా అనవే బూలచ్చిమీ, పిట్టలు బెదిరిపోతాయి."

"తుపాకీ పేలినప్పుడు బెదరలేదేటి? ఆ పేల్చింది నువ్వేనంట! ఊరంతా అదే సెప్పుకుంటున్నారు. నువ్వు ఏనాడన్నా తుపాకీ పట్టావా?"

"కుండ కింద తుపాకీ ఎక్కడ పడతాదే?" అని నవ్వుతాడు.

నాకు నవ్వు రాదు. పడవ బోల్తాపడి ఈయన మునిగిపోతే, ఆ రోజు తుపాకీతో పడవెక్కిన జగదీశ్వరబాబు బోర్లాపడిన పడవనే పట్టుకుని ఒడ్డెక్కి, తాను పక్షుల్ని చూడ్డానికి వచ్చానని, పరజల్ని కొట్టింది పడవవాడేనని చెప్పాడు. తుపాకీ ఏటిపాలైంది. అటవీశాఖ వాళ్లు చచ్చిన మనిషి మీద కేసు రాసి పడవను పట్టుకుపోయారు. ఇవాళ మా అత్త వెళ్లి అధికారి ముందు "మా వోడికి వేట అలవాటేనండి" అని ఒక్క మాట అంటే పడవ విడిపిస్తామని బాబుగారి మనిషి వచ్చి చెప్పాడు. పడవ వస్తే మా మరిది నడుపుతాడు, అందరం తింటాం. అత్త సరేనంది. బతికున్నవాడు చేసిన పాపాన్ని పోయినవాడి నెత్తిన రుద్ది, ఆ మాట కన్నతల్లి నోటితోనే చెప్పిస్తారా?

ఇదంతా చెబుతుండగానే మా వీధి పడవైపోతుంది, నేను చెక్కమీద కూర్చుని ఉన్నాను, లోవరాజు గెడకర్రతో పడవ తోస్తున్నాడు, మేం వెళుతున్నది పిట్టల కోసం మూసేసిన పాయలోకి, లోపలికి రాకూడదన్న బోర్డు మాతోపాటే ఒడ్డు వెంట నడిచివస్తోంది.

"ఈ పాయలో మన వల పడితే సింపేసేవోళ్లు కదా, ఆయన్నెలా రానిచ్చారు?"

"పెద్దోళ్లకి బోర్డు అగుపడదు గావాల."

"నీకు అగుపడిందా?"

తల దించుకుంటాడు. "వద్దంటే ఇంకో పడవ పిలుత్తానన్నాడే."

చెక్క కింద చెయ్యి పెడితే లైఫ్ జాకెట్లు తగులుతాయి, ప్లాస్టిక్ కవర్లలో, అంగడి నుంచి తెచ్చినవి తెచ్చినట్టే. ఒక కవరు చింపితే లోపల మరో కవరు ఉంది, అదీ చింపితే ఇంకోటి.

"ఇవి తొడుక్కోవడానికి కాదా మావా?"

"మాసిపోతే తనిఖీలో పట్టేసుకుంటారే. కొత్తగా ఉంటే లైసెన్సుకి ఢోకా ఉండదు. మా పడవలోళ్లందరూ ఇంతే."

"లైసెన్సు ఉంది. నువ్వే లేవు," అంటాను, ఇంత తెలివితక్కువ మనిషిని ఇంతగా ఎలా ప్రేమించానో నాకే అర్థం కాదు.

పడవ ముందు భాగాన ఎవరో నిలబడి ఉన్నారు. ముఖం లేదు, బూట్లున్నాయి, భుజాన తుపాకీ ఉంది. ఏటిమీద పుట్టిన పసిపిల్లకైనా తెలుసు, పడవలో నిలబడకూడదని.

"కూర్చోండి బాబూ," అంటాడు లోవరాజు, గుళ్లో పూజారితో మాట్లాడుతున్నంత మర్యాదగా.

"ఆ రోజూ ఇలాగే అన్నావా?"

"ఇలాగే."

"గట్టిగా అనలేదా?"

"పెద్దోళ్లని గట్టిగా ఎలా అంటామే?"

పరజలన్నీ ఒక్కసారిగా లేస్తాయి, తుపాకీ వాటి వెంట తిరుగుతుంది, బూట్లు పక్కకు జరుగుతాయి, పడవ ఒరిగిపోతుంటే లోవరాజు ఇంకా చేతులు కట్టుకుని "బాబూ, బాబూ" అంటూనే ఉన్నాడు, నేను ఇక ఊరుకోలేక, అండీ లేదు గారూ లేదు, గుండెలో ఉన్నదంతా పెట్టి అరుస్తాను.

"కూర్చోరా!"

కళ్లు తెరిస్తే బాగా తెల్లవారిపోయింది. గొంతు మండుతోంది. బయటికి వెళ్లడానికి మంచి చీర కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ మా అత్త, నా కేకకు నిలబడ్డచోటే చతికిలబడి గుండె పట్టుకుని చూస్తోంది.

"ఎవర్నే ఆ కేక?"

"తుపాకీ వోణ్ణి అత్తా. మీ అబ్బాయి కూర్చోమన్నాడంట, బాబూ బాబూ అని బతిమాలాడంట. ఇనలేదంట."

"నా కొడుకు ఎవర్నీ గట్టిగా అనలేడు," అంది అత్త.

అత్తను తీసుకెళ్లడానికి బాబుగారి మనిషి పంపిన కారు వీధిలో ఆగి హారన్ కొట్టింది, కాసేపాగి మళ్లీ కొట్టింది. అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది, నేలమీద కాళ్లు బారజాపి సర్దుకుని కూర్చుంది.