ముప్పై ఎనిమిదో ఫ్లోరు

ఇంకొక్క ఫ్లోరు వేసుంటే ఇంకో ఐదు సెకన్లు దొరికేవి గదా, ముప్పై ఎనిమిదితో ఎందుకు ఆపేసినారో, కట్టేవాళ్ళకి ఆకాశమేమన్నా అడ్డమొచ్చిందా, అనుకుంటూ దమయంతి లివర్ తోసింది, పసుప్పచ్చ లిఫ్టు ఒళ్ళు విదిలించుకుని, బిల్డింగుని ఆనుకున్న ఇనప స్తంభం వెంబడి కరకరమంటూ ఎక్కసాగింది, ఒకటి, రెండు, మూడు, రెండున్నరేళ్ళుగా కూలోళ్ళనీ మేస్త్రీలనీ ఇంజనీర్లనీ ఈ జల్లెడ గోడల పెట్టెలోనే పైకి మోసింది, మొదట్లో బిల్డింగు నాలుగు ఫ్లోర్లున్నప్పుడు ఆంటో అనే ఆయన ఎక్కి ఆమె గేటు వేసేలోపే దిగాల్సిన చోటు వచ్చేసేది, అప్పుడతని మొహం కూడా సరిగ్గా చూడలేదు, ఎన్నూరాయనంట, క్రేన్ నడుపుతాడంట, లిఫ్టు దిగి ఆడినుంచి ఇనప నిచ్చెన పట్టుకుని ఆ చిన్న అద్దాల గదిలోకి ఎక్కితే మళ్ళీ సాయంత్రానికే దిగేదంట, అంతవరకే తెలుసు, ఆరో ఫ్లోరు వేసిన వారం గేటు ఇరుక్కుంటే నీ దుంప తెగ, మూసుకోవే అని తిట్టింది, వెనకనుంచి ఆంటో నవ్వు, ఏందీ, మీరు తెలుగోళ్ళా, అవునన్నా, మా తాతల కాలంనుంచీ ఇక్కడే పురసవాక్కంలోనే, మీరు, మా అమ్మ తెలుగేలే, ఇంట్లో అంతా ఇదే, అన్నాడు, ఆ పూటకి అంతే, ముప్పై సెకన్లు, అయినా ఆరోజు ఇంటికి పోతూ బస్సులో ఆ నాలుగు మాటలనీ మళ్ళీ మళ్ళీ నెమరేసుకుంది, ఎందుకంటే ఇంట్లో తెలుగు మొగుడు శ్రీకుమార్‌తోనే పోయింది, జార్జి టౌన్‌లో పార్సిళ్ళ షాపులో మూట ఎత్తుతూ ఎత్తుతూ గుండె పట్టుకుని కూలిపోయినాడు, ఆరేళ్ళయింది, ఆ తర్వాత కూతురు జననికి ఈమె తెలుగులో ఏమి చెప్పినా సరిమా అని తమిళంలోనే జవాబు, తప్పేమీ లేదు, దాని బడీ స్నేహితులూ బట్టల షాపులో పనీ అంతా ఆ భాషే, కానీ మాట ఇచ్చి మాట పుచ్చుకునేవాళ్ళు లేకపోతే నోట్లో నాలుక కూడా ఎండిపోతుందని దమయంతికి ఆరో ఫ్లోరు దగ్గర తెలిసింది.

తొమ్మిది, పది, పదకొండు, కింద బట్టల షాపుల బోర్డులు చిన్నవైపోతున్నాయి, పన్నెండో ఫ్లోరు వేసినప్పుడు మొదటిసారి ఆ వీధంతా కనిపించింది, నా కూతురు ఆడే పనిచేస్తాది అని వేలు పెట్టి చూపించింది, అతను వంగి చూసినాడు, సబ్బు వాసన, పద్నాలుగులోనో పదిహేనులోనో ఒకరోజు నోటిదాకా వచ్చిన అన్నా అనే పిలుపు గొంతులోనే ఆగిపోయింది, సైటంతా ఆమెకి అన్నలే, సిమెంటు లారీ అన్న, వెల్డింగ్ అన్న, ఇతన్ని మాత్రం ఆరోజునుంచీ ఏమీ పిలవలేదు, పిలవకుండానే రెండేళ్ళు మాట్లాడింది, అతను కూడా అందరిలా లిఫ్టక్కా అనలేదు, దమయంతీ అన్నాడు, చాలా ఏళ్ళ తర్వాత ఒక మొగమనిషి నోట తన పేరు పూర్తిగా విన్నది, శ్రీకుమార్ ఏమే అనేవాడు, అందులోనూ ప్రేమ ఉండేదిలే, లేదని కాదు, అయినా ఆ రాత్రి అద్దంలో మొహం చూసుకుని తన పేరు తనే అని చూసింది, మర్నాడు మల్లెపూలు పెట్టుకుంది, ఎన్నమ్మా, వేలైక్కు పూవా అని జనని నవ్వింది, పనికి పూలేమిటమ్మా అని, నిజమే, పైన హెల్మెట్ పెడితే ఎవరికి కనిపిస్తాయి, సాయంత్రానికి పచ్చడైపోతాయి, అయినా పెట్టుకుంది, ఇరవయ్యో ఫ్లోరులో లూర్దుమేరి పోయి తొమ్మిదేళ్ళయిందని చెప్పినాడు, పెండ్లాం పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గింది, ఇరవై ఏడులో, మా అమ్మ నీ మాట వింటే నిన్ను వదలదు పో అన్నాడు, ముప్పైలో సముద్రం పక్కన ఎన్నూరు పొగగొట్టాలు బయటపడినాయి, అదో ఆ మూడో గొట్టం పక్కనే మా ఇల్లు అన్నాడు, నలభై ఏడేళ్ళ ఆడమనిషి, నలుగురూ చూసే చోట, పైన స్లాబు పడిన ప్రతిసారీ ఇంకో ఐదు సెకన్లు వచ్చినాయని సంతోషించేది, ఇంజనీర్లు కూడా ఈ బిల్డింగు లేవాలని అంతగా కోరుకుని ఉండరు, పైకప్పు వేసినరోజు అందరికీ మిఠాయి పంచితే ఆమెకి మింగుడుపడలేదు.

ఇక పైన క్రేన్‌కి పనిలేదు, నాలుగు రోజులుగా ముక్కలు ముక్కలుగా విప్పి దించుతున్నారు, ఈరోజు శుక్రవారం, అతని అద్దాల గది కూడా దిగిపోయింది, సోమవారంనుంచీ హోసూరులో ఇంకో బిల్డింగు, పొద్దున చెప్పినాడు, హోసూరా అంది, అవును అన్నాడు, అంతే, మిగతా దారంతా ఇద్దరూ జల్లెడలోంచి బయటికే చూసినారు, అందుకే ఇప్పుడు దిగేటప్పుడు చెప్పాలి, మూడు నిమిషాల పది సెకన్లు ఉంది, ఏమని చెప్పాలి, జాగర్త అనాలా, ఫోను చెయ్యమనాలా, లేక ఏమీ అనకుండా లివర్ మీద చెయ్యి తీసి మధ్యలో ఆపేస్తే, ముప్పై ఆరు, ముప్పై ఏడు, గేటు తీసింది, ఆంటో ఒంటరిగా లేడు, క్రేన్ విప్పిన బీహారు కుర్రోళ్ళు ఆరుగురు తాళ్ళూ పనిముట్లూ వేసుకుని బిలబిల ఎక్కినారు, వాళ్ళ వెనక సేఫ్టీ ఇంజనీరు బాలసుందరం సారు, ఆఖర్న భుజాన సంచీతో అతను, మూలలో చోటు దొరికింది, ఆమెకీ అతనికీ మధ్య నలుగురు.

లివర్ వెనక్కి లాగింది, ముప్పై ఏడు, ముప్పై ఆరు, కుర్రోళ్ళు హిందీలో ఏదో అరుచుకుంటూ నవ్వుతున్నారు, ఎవడి మోచెయ్యో వీపుకి తగులుతోంది, మీకు దిగడానికి ఇంకో టైమే దొరకలేదా, ఈ ఒక్కసారి రెండో లిఫ్టులో దిగితే మీ సొమ్మేం పోయేది, ఇరవై తొమ్మిది, పొగగొట్టాలు బిల్డింగుల వెనక్కి దిగిపోయినాయి, కళ్ళు మసకబారితే హెల్మెట్ కిందకి లాక్కుంది, ఇరవై రెండు, అతనేదో అన్నాడు, ఆదివారమంతా ఇంటికాడే ఉంటా, ఇరవై, పంతొమ్మిది, అమ్మ చేపల పులుసు పెడతాది, పదిహేడు, చర్చి ఎనక సందులో నీలం గేటు, ఎవుర్ని అడిగినా చెబుతారు, ఎన్నప్పా, యారుక్కు సొల్రే, తమిళ్‌ల పేసు అని బాలసుందరం సారు నవ్వినాడు, ఎవరికయ్యా చెబుతున్నావు, తమిళంలో మాట్లాడు అని, ఆంటో సంచీ పట్టీ సరిచేసుకున్నాడు, తొమ్మిది, ఎనిమిది, సెలవు దొరికిన సంబరం అతనిది, పులుసు తింటాడంట, తినమను, ఇంత తేలికా మొగోళ్ళకి, నాలుగు, మూడు, గేటు తీసింది, అందరూ దిగినారు, ఆఖర్న దిగుతూ అతను ఆమె పక్కన ఒక్క క్షణం ఆగినాడు, పోయొస్తా దమయంతీ అన్నాడు, ఆమె తల ఊపింది, నోరు తెరిస్తే ఏడుపొస్తుందని భయం, గేటు దగ్గర హెల్మెట్ అప్పగించి సంతకం పెట్టి లారీల మధ్యనుంచి రోడ్డెక్కినాడు, నేలమీద అతను కొంచెం కుంటుతాడని ఇప్పుడే చూసింది, రెండున్నరేళ్ళలో నేలమీద అతను నడవడం ఒక్కసారైనా నిలబడి చూడలేదు.

ఎక్కడో పై ఫ్లోరులో గంట కొట్టినారు, టైల్సు వాళ్ళు, ఖాళీ లిఫ్టు, లివర్ తోసింది, ఒకటి, రెండు, లెక్కపెట్టబుద్ధి కాలేదు, గాలి జల్లెడలోంచి దూరి పైట లాగుతోంది, పక్క బిల్డింగు మీద కూడా క్రేన్ తిరుగుతోంది, వాడెవడో, వాణ్ణి పైకి ఎక్కించేది ఎవరో, నాకు అతను కావాలి అనుకుంది, అనుకుని ఉలిక్కిపడింది, ఇన్నాళ్ళూ ఫ్లోర్లనీ సెకన్లనీ మాటలనీ చాటుపెట్టుకుంటూ వచ్చిందే గానీ ఈ ఒక్క ముక్క లోపల కూడా అనుకోలేదు, కావాలి, సరే, కావాలంటే అతనేమన్నా అన్నాడా, రమ్మన్నాడా, ఒక్క మాట, పోయొస్తా అన్నాడు, అది అందరూ అనేదే, అంతకు ముందు పులుసనీ గేటనీ ఎవరితోనో, ఎవరితో, బాలసుందరం సారుకి అర్థం కాక తమిళంలో మాట్లాడమన్నాడు గదా, ఆ కుర్రోళ్ళకి హిందీ తప్ప రాదు గదా, చర్చి వెనక సందు, నీలం గేటు, ఎవుర్ని అడిగినా చెబుతారు, తన ఇంటికి తను పోయేవాడు గేటు రంగు ఎందుకు చెబుతాడు, ఆమె చెయ్యి లివర్ మీదే ఉండిపోయింది, గంట కొట్టిన ఫ్లోరు దాటిపోయి టైల్సు వాళ్ళు ఓ లిఫ్టక్కా, లిఫ్టక్కా అని కిందనుంచి కేకలేస్తున్నారు, వినిపిస్తోంది, ఆదివారం ఎల్లుండే, ఆ లిఫ్టులో ఉన్నది తొమ్మిదిమంది, అతను ఆ మాటలు తెలుగులో అన్నాడు, అతను కాక తెలుగు వచ్చింది తనొక్కతికే.