అమ్మ రాని ఆదివారం

ఆడి నెల ఆదివారం, అమ్మవారికి అంబలి పోసే రోజు. మాధవరం గంగమ్మ గుడి ముందు అంబలి కుండలు వరసగా పెట్టారు. పంబ డప్పులు మోగుతున్నాయి. మునెమ్మ ఒకచోట నిలవలేకపోతోంది. కూర్చుంటుంది, లేస్తుంది, గుడి గోడ పట్టుకుంటుంది, మళ్ళీ కూలబడుతుంది.

పొద్దున షుగర్ మాత్ర నీళ్ళు లేకుండానే మింగింది. అమ్మకు అంబలి పోసేదాకా పచ్చినీళ్ళు కూడా ముట్టకూడదన్నది పుట్టింటి కట్టు. మాత్ర వేసుకుని పస్తుండొద్దన్నాడు డాక్టరు. డాక్టరుకేం తెలుసు?

ఒకప్పుడు పంబ మోగితే చాలు, గంగమ్మ వచ్చి ఆమె మీద వాలేది. వీధి వీధంతా చేతులు కట్టుకుని నిలబడేది. కొడుకు మోహన్‌రాజ్ కూడా తల వంచి "చెప్పు తల్లీ" అనేవాడు. మాత్రలు మొదలైనాక అమ్మ రావడం మానేసింది. ఇంట్లో ఇప్పుడు ఆమెను అడిగేది ఒక్కటే, మాత్ర వేసుకున్నావా అని.

ఈ ఏడైనా అమ్మ వస్తుందా? వారం నుంచి అదే గుబులు. కంటికి కునుకు లేదు.

ఉన్నట్టుండి చేతులు వణికాయి. మెడ వెనక చెమట పట్టింది. గుండె దడదడలాడింది.

పక్కింటి అమ్మణి చూడనే చూసింది. "ఒరే మోహనా! మీయమ్మకు సామి వస్తా ఉండాది రా!"

పంబలవాళ్ళు చుట్టూ చేరారు. ఎవరో చేతిలో వేపమండ పెట్టారు. మోహన్‌రాజ్ చేతులు జోడించాడు. ఎన్నేళ్ళకు!

మునెమ్మ ఊగింది. ఊగుతూనే తన లోపలికి చూసుకుంది. అమ్మ వచ్చేటప్పుడు ముందు అరికాళ్ళు భగ్గుమనేవి. ఆ మంట మోకాళ్ళ మీదుగా నడుముకెక్కేది. ఇప్పుడు అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. కడుపులో మాత్రం ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టుంది. పోనీ, అమ్మకూ వయసయిందేమో, దోవ మార్చిందేమో.

"తల్లీ, మా కొడుకు ఏళుమలై తాగేది ఎప్పుడు నిలుపుతాడు?" అమ్మణి అడిగింది.

"సారాయి అంగడి మూసినప్పుడు!" వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి.

అందరూ మునెమ్మ నోటికేసే చూస్తున్నారు. ఏదో ఒకటి అనేస్తే సరి. మళ్ళీ ఇంట్లో ఆమె మాటకు విలువుంటుంది. నోరు తెరిచింది. కళ్ళు మసకబారాయి.

"ఆకలైతా ఉండాది."

"అమ్మకు ఆకలంట!" పూజారి అరుముగం కేకేశాడు. "నిమ్మకాయ తెండి! కర్పూరం ఏదీ?"

"అమ్మకు గాదురా." మునెమ్మ గొంతు పీలగా వచ్చింది. "నాకు. మునెమ్మకు."

పంబలు ఆగాయి. మోహన్‌రాజ్ ముఖం వాడిపోయింది. కోడలు జనని జనాన్ని తోసుకొచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. మంచుముద్దలా ఉంది.

"అయ్యో, లో షుగర్ ఇది! ఆ బెల్లం ఇట్లా ఇయ్యండి, సీక్రం!"

"నైవేద్యం ఇంకా కాలేదమ్మా," అన్నాడు అరుముగం.

"మా అత్త పడిపోయినాక చేస్తారా?"

అరుముగం నైవేద్యం తట్టలో చెయ్యి పెట్టాడు. తనే బెల్లంగడ్డ తీసి అందించాడు.

బెల్లం కరిగేకొద్దీ వణుకు తగ్గింది. అవతల కుండల దగ్గర ఇంకెవరో ఆడమనిషి ఊగడం మొదలుపెట్టింది. పంబలు అటు పోయాయి. వెనకే జనం. అమ్మణి కూడా.

"ఆకలని ముందే చెప్పుంటే ఏమ్మా?" మోహన్‌రాజ్ విసుక్కున్నాడు.

"ఎవురన్నా అడిగినారా?"

అతను నీళ్ళు తెస్తానని జారుకున్నాడు. జనని మాత్రం కదల్లేదు.

"ఇప్పుడెట్లుండాది అత్తా?"

మునెమ్మ గుడి గోడకు వీపు ఆనించింది. కడుపు నిమ్మళించింది. చేతులు నిలిచాయి. అయినా లోపల ఏదో కుదురుగా లేదు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఈడ ఇంకా ఏందో ఉండాదే. ఇది ఆకలి గాదు. దీనికి పేరేందో నాకు తెలీదు."

"పేరొద్దులే," జనని పక్కన చతికిలబడింది. "ఎట్లుండాదో చెప్పు అత్తా."