దుప్పటి లాగని మనిషి

ఆ డబ్బింగ్ గదిలో రెండు మైకులు. ఒకదాని ముందు బొంగురు, రెండోదాని ముందు పిచ్చుక. పదిహేడేళ్ళుగా తెర మీద ఏ ఇద్దరు స్నేహితురాళ్ళు కబుర్లు చెప్పుకున్నా ఆ గొంతులు వీళ్ళవే. గొంతుల్ని బట్టే ఆ పేర్లు పడ్డాయి.

బొంగురుకి గొంతులో క్యాన్సర్. సోమవారం ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఈ సినిమాలో ఒక్క సీను మిగిలింది. అది ఇవాళ కాకపోతే పాత్ర మొత్తం ఇంకొకావిడ చేత చెప్పిస్తానని నిర్మాత కబురు పెట్టాడు. అంటే బొంగురు చివరి మాటలు చెత్తబుట్టలోకే. పిచ్చుకకి నిన్నటి నుంచీ ముద్ద దిగడం లేదు.

పోనీ ఏమన్నా భక్తి సినిమానా అంటే, అచ్చంగా బూతుపురాణం. మొగుడు వదిలేసి పోతే ఒకామె స్నానాలగదిలో కూలబడి ఏడుస్తుంటుంది. స్నేహితురాలు వాటేసుకుని ఓదారుస్తుంది. ఏడుపు పిచ్చుకది, ఓదార్పు బొంగురుది.

"ఏమే ఏడుపుగొట్టు మొహమా, ఏడవాల్సింది నీ పాత్ర, నువ్వు కాదు," అంది బొంగురు.

"నోరు ముయ్యవే. గొంతు దాచుకో."

"దాచి ఏం చేసుకోను? సోమవారం వాళ్ళకి ఇచ్చేసేదేగా."

అద్దం వెనక సౌండ్ ఇంజనీరు మొదలెట్టమని చెయ్యెత్తాడు. రెండుసార్లు బొంగురు గొంతు మధ్యలోనే తెగిపోయింది. ఇంకొక్కసారే అన్నట్టు వేలు చూపించింది.

"ఎందుకే ఏడుస్తావు? మంచమెక్కి వాడు వెలగబెట్టిందేముంది, దుప్పటి లాక్కోవడం తప్ప! నేనున్నాగా. నేను దుప్పటి లాగను."

ఆ చివరి రెండు మాటలూ కాగితంలో లేవు. పిచ్చుక ఫక్కున నవ్వింది. ఒకరు చెబుతుంటే రెండోవాళ్ళు ఊపిరి కూడా గట్టిగా పీల్చకూడదు. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా! ఆ నవ్వు వెళ్ళి బొంగురు మాటల మీద పడింది.

"పాడైందమ్మా, మళ్ళీ చెప్పాలి," అన్నాడు ఇంజనీరు.

బొంగురు నోరు తెరిచింది. గాలే వచ్చింది.

"పాపిష్ఠిదాన్ని, నేనే చెడగొట్టానే!" పిచ్చుక తల బాదుకుంది. బొంగురు కాగితం తిప్పి రాసింది: "ఉంచెయ్యమను. ఓదార్చింది నవ్వించడానికేగా."

ఇంజనీరు మళ్ళీ వేసి చూశాడు. తెర మీద ముఖాలు కనబడవు, భుజాలు కదులుతున్నాయంతే. నవ్వైనా ఏడుపైనా సరిపోతుంది. తలూపాడు.

నాలుగు నెలలకి ఇద్దరూ ఆ సినిమా మధ్యాహ్నం ఆటకి వెళ్ళారు. బొంగురు మెడకి గుడ్డ చుట్టుకుంది. దుప్పటి మాటకి హాలంతా ఘొల్లుమంది. పిచ్చుక మాత్రం ఈసారి రెండు చేతులతో నోరు మూసుకుంది. అయినా ఏం లాభం, ఆ గోలలో చివరి మాటలు వినబడలేదు.

పక్కకి తిరిగింది. బొంగురు పెదాలు కదులుతున్నాయి. ఇన్నేళ్ళూ ఎవరెవరి పెదాలకో గొంతిచ్చిన మనిషి, తన గొంతుకి తనే పెదాలు కలుపుతోంది.

నేనున్నాగా.

పిచ్చుక ఆమె చెయ్యి పట్టుకుని బావురుమంది.