రేవులో అల్లుడుగారు

పైపు ఎక్కడో మడత పడి నీళ్లు ఆగిపోయాయి. ఆమె వంగి మడత విప్పి, పడవలు ఆగే చెక్కల వేదిక మీద మళ్లీ ధార పట్టింది. జనం తొక్కి తెచ్చిన మట్టి, పారేసిన టీ కప్పులు, పక్షుల రెట్టలు పలకల అంచు దాటి కిందికి జారిపోయాయి. చివరి మూలకి వచ్చేసరికి ధార తగ్గించింది. అక్కడ అల్లుడుగారు పడుకుని ఉన్నాడు.

చలికాలంలో ఒక పొద్దున సముద్రం నుంచి కాలవ వెంట నగరంలోకి వచ్చిన సముద్ర సింహం అది. ముసలి మగది. గోధుమరంగు ఒళ్లు, మెడ నిండా పాత గాట్లు, ఒక కన్ను మసక. తిని పడుకోవడమే తప్ప వేరే పని లేదని టికెట్ల గుమాస్తా ఆ పేరు పెట్టాడు. "అత్తారిల్లు నచ్చినట్టుంది, ఇక కదలడు" అని నవ్వేవాడు.

భర్త పోయాక తమ్ముడి ఇంటికి చేరిన మనిషి ఆమె. పడక వంటింటి గోడ పక్కన. మరదలు లేవకముందే దుప్పటి మడిచి కనబడకుండా పెట్టేస్తుంది. మరదలు ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనే అవకాశం రాకుండా ఈమే ఒదిగి ఒదిగి బతికింది. అల్లుడుగారేమో ఎవర్నీ అడక్కుండా అంత చోటు ఆక్రమించి, పడవలవాళ్లు ఎంత అరిచినా చీమ కుట్టినట్టయినా లేకుండా గురక పెట్టేవాడు. చూస్తుంటే ఆమెకి ఎందుకో హాయిగా ఉండేది.

నిన్న ఒకాయన ఫొటో కోసం కూతుర్ని ఆ వీపు మీద కూర్చోబెట్టబోయాడు. అల్లుడుగారు మెడ తిప్పి పళ్లు చూపాడు. పిల్ల గౌను అంచు చిరిగింది, అంతే. సాయంత్రానికి నగరమంతా అదే మాట.

ఈ పొద్దున సూపర్‌వైజరు వచ్చాడు. వెంట పశువుల డాక్టరు, పొడవాటి పెట్టె మోస్తున్న ఇంకో మనిషి.

"అక్కా, రోజూలాగే నీళ్లు పట్టు. నిన్నటి నుంచి కొత్తవాళ్లు దగ్గరికొస్తే నీళ్లలోకి దూకేస్తోంది. నీ పైపుకైతే కదలదు."

"ఏం చేస్తారు బాబూ?"

"మత్తిచ్చి సముద్రంలో వదిలేస్తారు."

"నిజంగా సముద్రంలోకేనా?"

"నీతో అబద్ధమెందుకక్కా!"

కాదనడం ఆమెకి అలవాటు లేదు. దగ్గరికెళ్లి వీపు మీద సన్నగా ధార పోసింది. అల్లుడుగారు ఎప్పటిలాగే గడ్డం పైకెత్తి కళ్లు మూసుకున్నాడు. వెనక నుంచి చిన్న చప్పుడు. అల్లుడుగారి ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది. మసక కన్ను తెరిచి ఆమె వైపు చూశాడు.

"ఏం లేదు నాయనా, ఏం లేదు. మీ ఇంటికెళ్లిపోదువుగాని."

మీసాలు కదలడం ఆగేదాకా ఆమె నీళ్లు పోస్తూనే ఉంది.

డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చెయ్యి పెట్టి చూశాడు. "ముసలిది. గుండె తట్టుకోలేదు" అన్నాడు. సూపర్‌వైజరు తల దించుకున్నాడు.

"సముద్రంలోకే అనుకున్నామక్కా. ఒట్టు."

క్రేను వచ్చింది. పట్టా కప్పి పైకి లేపుతుంటే మెట్ల మీద జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. లారీ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పడవ కూత వినబడింది. గుమాస్తా కిటికీలోంచి మెల్లగా పిలిచాడు. "అక్కా, ఆ మూల కాస్త కడిగేస్తావా? జనం దిగుతారు."

"కడగను" అంది. ఆ మాట తన గొంతులోంచే వచ్చిందా అన్నట్టు ఒక క్షణం నిలబడింది. తర్వాత కుళాయి కట్టేసి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

తడి ఆరని ఆ మూలలో, పలకల సందులో, ఎర్రటి ఉన్ని కుచ్చు ఉన్న మత్తు సూది ఒకటి ఇరుక్కుని ఉంది. పిల్లలు ఆడుకునే వస్తువులా ముద్దుగా ఉంది. పడవ దిగినవాళ్లు ఒకరి వెనక ఒకరు దాన్ని దాటుకుంటూ పోయారు. కాలవ గాలికి ఆ కుచ్చు వణుకుతూనే ఉంది.