ఎండలో పెంచిన అంకె

నెల తిరిగేలోగా చేయాల్సిన పనులు ఇవి. పొద్దెక్కాక నాన్నకు చొక్కా విప్పించి డాబా మీద కూర్చోబెట్టాలి. నీడ మీదికొస్తే కుర్చీ జరపాలి. ఆదివారం ఆదివారం మందుల షాపాయన ఇచ్చిన పెద్ద మాత్ర పాలతో మింగించాలి. గుడ్డు ఉడకబెట్టాలి, వాంతి చేసుకుంటే ఇంకొకటి ఉడకబెట్టాలి. చేప ముక్కలో ముళ్ళు ఏరి పెట్టాలి. మాత్ర సంగతి ఆసుపత్రిలో ఎవరి దగ్గరా ఎత్తకూడదు.

ఇవన్నీ కూతురు తన నెత్తికి తనే ఎత్తుకున్న పనులు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. అందుకని ఆసుపత్రి కాగితాలు చదవడం, డాక్టర్లతో మాట్లాడటం ఆమె వంతుకు వచ్చాయి. నాన్న కోల్డ్ స్టోరేజీలో పండ్ల పెట్టెలు మోసినవాడు. చీకటితో వెళ్ళి చీకటితో ఇల్లు చేరేవాడు. తోటివాళ్ళు ఆయన్ని ‘ఫ్రిజ్జు’ అని పిలిచేవారు. ఉక్కపోతగా ఉన్నప్పుడు ఆయన పక్కన కూర్చోవడానికి పోటీ పడేవాళ్ళమని ఇప్పటికీ చెబుతారు.

పెద్దపేగులో పుట్టిన క్యాన్సరు కాలేయానికి పాకిందని తేలాక కీమో మొదలైంది. ఒకరోజు తండ్రీకూతుళ్ళిద్దరూ ఎదురుగా ఉండగా డాక్టరు, కీమోతో పాటు విటమిన్-డి ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసే అధ్యయనం ఒకటి ఇక్కడ జరుగుతోందని, వచ్చే నెల రక్తపరీక్ష చేసి మీ నాన్నని చేర్చుకోవచ్చో లేదో చెబుతామని అన్నాడు. కూతురు తలూపింది. ఆ పరీక్షలో ఏం చూస్తారని మాత్రం అడగలేదు. తెలియదని ఒప్పుకుంటే ఇచ్చిన డిగ్రీ వెనక్కి లాక్కుంటారేమో అన్నట్టు, పెద్దచదువుల వాళ్ళ ముందు అన్నిటికీ తలూపడం ఆమెకు అలవాటు.

ఇంటికొచ్చి ఫోనులో వెతికింది. ఈ జబ్బు ముదిరినవాళ్ళలో ఒంట్లో విటమిన్-డి బాగా ఉన్నవాళ్ళు సగటున ఎక్కువకాలం బతికినట్టు కనబడిందని ఒకచోట రాసి ఉంది. ఇంకేం, లెక్క తేలిపోయింది. బాగా ఉన్నవాళ్ళకే ఆ అధ్యయనంలో సీటు. ఎండ, గుడ్డు, చేప, మాత్ర అన్నీ ఆ విటమిన్ పెంచడానికే. బడి నుంచి ఉద్యోగం దాకా ఆమె తట్టిన ప్రతి తలుపూ ఎక్కువ తెచ్చుకున్నవాళ్ళకే తెరుచుకుంది. తక్కువున్నవాళ్ళ కోసం తెరిచే తలుపు ఒకటి ఉంటుందని ఆమెకు కలలో కూడా తట్టలేదు.

నాన్న ఆమె చెప్పినట్టే చేశాడు. జీవితంలో ఆయన రాస్తున్న మొదటి పరీక్ష ఇది. డాబా మీద రేకు కుర్చీలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎండకు ఎదురుగా కూర్చునేవాడు. కీమో మందు పడ్డ ఒంటికి ఎండ గిట్టదు. ముక్కు మీద తోలు ఊడింది, భుజాలు కమిలి నల్లబడ్డాయి. రాత్రిళ్ళు పక్క తగిలితే మూలిగేవాడు. ఒకరోజు అమ్మ డాబా మెట్ల మీదే నిలబడి, “మనిషనుకున్నావా, తడిబట్టనుకున్నావా, అలా ఆరేస్తున్నావేమే మీ నాన్నని?” అని కడిగేసింది. ఆయనే అడ్డుపడ్డాడు. పిల్ల చదివి చెబుతోంది, మనకేం తెలుసు, నువ్వు కిందికి పో అన్నాడు.

రక్తం తీసే రోజు నర్సు అలవాటు ప్రకారం వేరే మాత్రలేమైనా వాడుతున్నారా అని అడిగింది. ఆయన కూతురి వంక చూశాడు. లేదని కూతురు చెప్పింది.

వారానికి ఫలితం వచ్చింది. నాన్నను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది. డాక్టరు కంప్యూటరు తెర చూస్తూ, అంకె చాలా బాగుందమ్మా, అందుకే తీసుకోలేకపోతున్నాం అన్నాడు. విటమిన్ తక్కువగా ఉన్నవాళ్ళకు పెంచితే మేలు జరుగుతుందా లేదా అని చూడటానికే ఈ అధ్యయనమట.

“మేమే పెంచామండీ,” అంది ఆమె. “తక్కువుంటే తొందరగా పోతారని రాశారు కదండీ, అందుకని…”

డాక్టరు తెర మీంచి చూపు తిప్పి ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాడు. “తక్కువుండబట్టి జబ్బు ముదురుతుందో, జబ్బు ముదరబట్టే తక్కువవుతుందో ఇంకా ఎవరికీ తెలియదమ్మా. ఒక్క మాట అడిగి ఉంటే పోయేది కదా.”

ఎండా మాత్రా మానేస్తే మళ్ళీ తగ్గదా అని ఆమె అడిగింది. అడగాల్సిన నోరు అప్పటికి లేచింది. తగ్గడానికి నెలలు పడుతుందని, ఈలోగా చేర్చుకోవడం అయిపోతుందని ఆయన మెత్తగానే చెప్పాడు. తర్వాతి మనిషిని పిలిచారు.

వరండాలో నాన్న ఊడిన తోలుతో, ఎర్రటి ముక్కుతో, పిలుపు కోసం చూస్తున్న పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు. అబద్ధం చెబుదామా అనుకుంది. నోరు రాలేదు, ఉన్నదున్నట్టు చెప్పింది.

“ఎక్కువొచ్చినందుకు ఫెయిలా?” అని ఆయన నవ్వాడు. కడుపు పట్టుకుని, నొప్పి పుట్టేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

“ఎంతుండాలి బాబూ అని నేనే అడుగుదామనుకున్నానమ్మలూ, పోయిన నెలలోనే. నా నోటి మీదికొచ్చింది. నువ్వు పక్కనుండగా నేనడిగితే, నీకు తెలియదనుకుంటారని ఊరుకున్నా.”

ఆ మాటలో నిందేమీ లేదు. నిందిస్తే ఆమెకు కాస్త తేలికయ్యేది.

చలికాలం వెళ్ళకముందే ఆయన పోయాడు. ఆ అధ్యయనంలో చేరి ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేవాడా? ఆ సంగతి డాక్టరుకూ తెలియదు, ఆ మాత్రకూ తెలియదు. అందులో నీ తప్పేమీ లేదని చుట్టాలు ఆమెను ఓదార్చారు. అయితే కావచ్చు. కానీ ఆ నెల రోజులూ ఆయన ఇంట్లో మంచం మీద, ఫ్యాను కింద, చల్లగా పడుకోవలసినవాడు. ఆ నెలను ఆయన దగ్గర్నుంచి తీసుకున్నది మాత్రం జబ్బు కాదు. ఈ సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు, ఒకరు కాదన్నా కాకుండా పోదు.

చదివినవారికి ఒక్క మనవి. ఎప్పుడైనా మీరు ఒక డాక్టరు ముందు కూర్చుని, అర్థం కాకపోయినా తలూపబోతుంటే, మీ పక్కనున్న పెద్దాయన ఏదో అడగబోయి మీ ముఖం చూసి ఆగిపోతే, పెట్టెలు మోసిన ఈ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. తలుచుకుని, పక్కనున్నాయన్ని అడగనివ్వండి.