జారుడు మాట

మా ఏటికి రెండోసారి వరదొచ్చి వెళ్ళిన మరుసటి ఏడు అది. బురద తాగిన మా మిల్లు మరమగ్గాలన్నిటినీ నేను కాచిన గ్రీజుతోనే తిప్పాను. ఆ సంగతి ఏటికి అవతలి కొత్త మిల్లు దాకా పాకింది. నూనె మేస్త్రీ పని ఉందనీ, రేపు ఎనిమిదింటికి మీ మిల్లు నుంచి సిఫారసు ఉత్తరం పట్టుకుని రమ్మనీ కబురొచ్చింది. ఇరవై ఏళ్ళు నూనె డబ్బా మోసినవాణ్ణి. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ ఉత్తరం ఇంగ్లీషులో రాసింది మా మిల్లు గుమాస్తా. ఆయన్ని డిక్షనరీ గారంటాం. చిన్న మాటతో పోయేదానికి పెద్ద మాట వెతికితే గాని తోచదు. చక్రాలు జారేలా చేసినవాణ్ణి కదా, నాకు 'లూబ్రిషస్' అని తగిలించి, ముద్ర గుద్ది, సాయంత్రం బస్సుకే కూతురి కాన్పుకి వెళ్ళిపోయాడు.

మా మరదలు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఉత్తరం చూపిస్తే చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బావా, నిన్ను జారుడు మనిషని రాశాడు."

"మంచిదేగా. నా పనే అది," అన్నాను.

"బండని జారుడంటే మంచిదే. మనిషిని అంటే?"

అప్పటికి గాని నాకు వెలగలేదు. ఇంగ్లీషులోనూ అచ్చం మనలాగే ఆ మాటకి రెండు అర్థాలట. నూనె రాసినట్టు జారిపోయేది ఒకటి, ఆడవాళ్ళని చూసి చొంగ కార్చేవాడు ఇంకొకటి. మనిషి పక్కన పెడితే ముందు తట్టేది రెండోదేనట.

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఈయనా? నాతోనే పట్టుమని పది మాటలు మాట్లాడడు," అంది. అక్కాచెల్లెళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు చెమటలు పోశాయి. ఆ మిల్లులో మేనేజరు కూడా ఆడమనిషే. కొట్టేద్దామంటే ముద్ర పడ్డ కాగితం.

"మాట తప్పు కాదు బావా, చోటు తప్పు. అది నీది కాదు, నీ గ్రీజుది," అంటూ మరదలు ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. నాకు అది చాలింది.

మర్నాడు ఎనిమిదింటికి మేనేజరమ్మ గది తలుపు కీచుమంటూ తెరుచుకుంది. ఆవిడ ఉత్తరం చదువుతూ చదువుతూ ఒక చోట ఆగి, తలెత్తి నన్ను చూసింది. నేను సంచిలోంచి గ్రీజు డబ్బా తీసి, తలుపు బందులకు పట్టించి, చిటికెన వేలితో తోశాను. చడీచప్పుడు లేకుండా గోడ దాకా వెళ్ళింది. బల్ల దగ్గరికొచ్చి, ఆ మాట మీద వేలు పెట్టి, డబ్బాని దాని పక్కన నిలబెట్టాను.

ఆవిడ డబ్బాని చూసింది, మాటని చూసింది. నవ్వాపుకోలేకపోయింది. నవ్వుతూనే మగ్గాల వైపు చెయ్యి చూపించింది. చొక్కా చేతులు పైకి మడిచి మొదటి మగ్గం కింద దూరాను.