ఎడమ అరలోని కంచాలు

సాయంత్రం అయిదున్నరకు కంప్యూటరు క్లాసులు వదిలినప్పుడు అమీర్‌పేట సందులను చూడాలి. భుజాన సంచీ, చేతిలో నోట్సు, కడుపులో ఆకలి తప్ప మరేమీ లేని యువతీయువకులు వేలమంది ఒక్కసారిగా రోడ్డుమీదికి వస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వానలా కురుస్తున్నాయని ఊరంతా చెప్పుకుంటున్న రోజులవి. గోడమీద జానెడు ఖాళీ కనిపిస్తే జావా అనో ఒరాకిల్ అనో కాగితం అంటించేవారు. మేడమీద రెండు గదులు ఖాళీ అయితే హాస్టల్ అని బోర్డు కట్టేవారు.

అటువంటి బోర్డుల్లో ఒకటి నాగేశ్వరిది. తెనాలి నుంచి వచ్చిన ఆమె, మాసబ్ ట్యాంక్‌లో ప్రభుత్వోద్యోగం చేసే భర్త కృష్ణమోహన్‌తో పై అంతస్తులో ఉంటూ, కింది మూడంతస్తుల్లో అరవైమంది ఆడపిల్లలకు వసతి ఇచ్చింది. ఆ హాస్టల్‌కు పేరు వచ్చింది గదులవల్ల కాదు, సాయంత్రపు చిరుతిండివల్ల. ఆ చిరుతిండి కమలవ్వ చేతిది.

సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయిన ఏడాది కమలవ్వ ఈ నగరానికి వచ్చింది. ఎర్రగడ్డలో ఒక గది అద్దెకు తీసుకుంది. ఉదయం ఆరింటికి హాస్టల్ వంటింట్లో అడుగుపెడితే రాత్రి ఎనిమిదిన్నరకు గాని తిరిగి బస్సెక్కేది కాదు. ఆమె గొప్ప గొప్ప దినుసులు అడిగి ఎరుగదు. జొన్నపేలాల్లో పచ్చిమిర్చి తరిగి నిమ్మరసం పిండితే ఒకరోజు గడిచేది. నువ్వులూ బెల్లమూ మరునాటికి సరిపోయేవి. అన్నిటికన్నా పిల్లలు పడిచచ్చేది మాత్రం మూతప్ప.

ఆ పేరు పిల్లలే పెట్టారు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి, పిల్లలు వదిలేసి వెళ్ళిన టిఫిన్ డబ్బాల దళసరి స్టీలు మూతల్లో ఆ పిండిని అరచేత్తో అద్దేది. వేలితో నాలుగు చిల్లులు పొడిచి, ఒక్కొక్క చిల్లులో చుక్క నూనె వేసి సన్నని సెగమీద పెట్టేది. తమ ఊళ్ళో పెద్ద గిన్నెలో చేసుకునే అప్పాన్ని ఆమె ఇలా అరచేతి ప్రమాణానికి కుదించింది.

"కమలవ్వా, నాకు మాడిన అంచు!" అని కాకినాడ పిల్ల భానుశ్రీ వంటింటి గుమ్మంలోనుంచే అరిచేది.

"నీకు ఎప్పుడు మాడిందే గావాల్నా బిడ్డా? రేపు మూత సుత నీకే ఇస్త, గీక్కొని తిను."

"సరే గానీ, నోట్లో వేసుకుని చూడవు కదా, ఉప్పు ఎలా కుదురుతుంది నీకు?"

"చేతికి తెలుస్తది. పిండే చెప్తది."

పిల్లలు నవ్వేవారు. నాగేశ్వరి మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా గర్వపడేది. కొత్త పిల్లను చేర్చడానికి వచ్చిన ప్రతి తల్లితోనూ ఆమె మొదట చెప్పే మాట అదే: "మా వంటింట్లో ఎంగిలి అనే మాట లేదండీ. వండే మనిషి రుచి కూడా చూడదు. అందరూ తిన్నాకే తింటుంది."

ఇది ఆమె అత్తగారి నియమం. తెనాలిలో, ఎనిమిది మంది ఉన్న ఇంట్లో, పన్నెండింటికి విస్తళ్ళు వేస్తే ఒంటిగంటకు అందరి భోజనాలూ ముగిసేవి. వండిన మనిషి ఒంటిగంటా అయిదు నిమిషాలకు పీట వేసుకుని కూర్చునేది. నాగేశ్వరి ఆ నియమాన్ని ఉన్నదున్నట్లు అమీర్‌పేటకు తెచ్చింది. కమలవ్వ పనిలో చేరిన రోజునే దాన్ని స్పష్టంగా చెప్పింది. హాస్టల్‌లో అరవై కంచాలు, ప్రతి కంచానికీ ఒక అంకె. తినవలసినవారి కంచాలు ఎడమ అరలో, తిని కడిగినవి కుడి అరలో. "ఎడమ అర ఖాళీ అయ్యాక కడుపునిండా తిను కమలవ్వా. నేనేమీ లెక్కలు చూసే మనిషిని కాను" అన్నది. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నది.

రోజూ మధ్యాహ్నం రెండింటికి తాను మేడెక్కి కునుకు తీసేది. నాలుగున్నరకు దిగివచ్చేసరికి కమలవ్వ పిండి కలుపుతూ ఉండేది, పక్కన టీ గ్లాసు ఉండేది. టీకి ఎంగిలి పట్టింపు లేదు గనుక నాగేశ్వరి దానికెప్పుడూ అడ్డు చెప్పలేదు. పైగా పిల్లలముందు వేళాకోళం చేసేది: "మన కమలవ్వకి టీ ఉంటే చాలర్రా, అన్నం అక్కర్లేదు!" పిల్లలు నవ్వేవారు, కమలవ్వా నవ్వేది.

పాఠకులారా, ఈ ఏర్పాటులో తప్పెక్కడుందో మీకు కనిపించిందా? నాగేశ్వరికి నాలుగేళ్లపాటు కనిపించలేదు. ఆ ఇంట తిన్న అరవైమంది చదువుకున్న పిల్లలకూ కనిపించలేదు.

*

ఒకప్పుడు ఆ హాస్టల్‌లోనే రెండేళ్లు ఉండి, ఇప్పుడు పంజాగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూస్తున్న మంజూష ఒక ఆదివారం వచ్చింది.

"ఆంటీ, మా ఆఫీసులో చిరుతిళ్ల పోటీ పెడుతున్నాం. ఉప్పు, కారం, నూనె, నీళ్లు కాక నాలుగు దినుసులకు మించకూడదు. అక్కడికక్కడే చెయ్యాలి. గెలిచినవాళ్ళకి మా ఎనిమిది వందల మందికీ రోజూ సాయంత్రం చిరుతిండి పంపే పని ఇస్తారు. మూతప్ప తీసుకురండి, ఇంకెవరూ నిలబడరు."

నాగేశ్వరి ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. ఇరవై ఏళ్లుగా ఆమె కృష్ణమోహన్ గారి భార్య. ఇప్పుడు పంజాగుట్ట అద్దాల మేడలో తన పేరు వినిపించబోతోంది. దరఖాస్తులో 'తయారుచేసేవారు' అన్నచోట తన పేరు రాసింది. 'సహాయకులు' అన్నచోట కమలవ్వ పేరు రాసింది. అందులో అన్యాయం ఉన్నదని ఆమెకు తోచలేదు. వంటిల్లు తనది, సరుకులు తనవి, మనిషి తన మనిషి.

శనివారం పదకొండింటికి ఆ కంపెనీ ఆరో అంతస్తులోని భోజనశాలలో పన్నెండు బల్లలు వేశారు. ఒకరు బీట్‌రూట్‌ను గులాబీల్లా చెక్కుతున్నారు. మరొకరు పనీరుకు పుదీనా అద్దుతున్నారు. చివరి బల్లమీద కమలవ్వ మూతలు వరసగా పేర్చి, కొంగు బిగించి పిండి కలిపింది. నువ్వుల వాసన హాలంతా పాకేసరికి ఉద్యోగులు ఒక్కొక్కరుగా ఆ బల్ల చుట్టూ చేరారు. నాగేశ్వరి వెంకటగిరి చీరలో ముందు నిలబడి చిరునవ్వుతో అందరికీ వివరిస్తూ ఉంది.

న్యాయనిర్ణేత అచ్యుతరావుగారు. ముప్పై ఏళ్లు పోషకాహారశాస్త్రం బోధించి రిటైరైన పెద్దమనిషి. ఆయనకొక పట్టుదల ఉంది: వండినవారు తన కళ్లముందు మొదటి ముక్క తింటే తప్ప తాను ముట్టరు.

నాగేశ్వరి ఒక మూతప్ప తీసుకోబోయింది.

"మీ చేతికి పిండి లేదేమిటమ్మా?" అన్నారాయన. తరవాత వెనక నిలబడ్డ కమలవ్వ చేతులవంక చూశారు. "వండినది ఆమె. ఆమెనే తిననివ్వండి."

కమలవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది. "నేను ముట్టద్దు సార్. ఇంకా అందరు తినలే."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అచ్యుతరావుగారు నవ్వలేదు.

"ఎప్పుడూ రుచి చూడవా?"

"ఈ పట్నంల ఒక్కపారి సుత చూడలే సార్."

"పొద్దున ఏం తిన్నావు?"

"చాయ తాగిన."

"నిన్న మధ్యాహ్నం?"

"చాయనే." ఆమె ఒకసారి నాగేశ్వరివైపు చూసి, కళ్లు దించుకుంది. "నాలుగేండ్ల సంది పగటిపూట చాయనే సార్. రాత్రి ఇంటికి పోయినంక ఇంత అన్నం వండుకుంట."

నాగేశ్వరి గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఏంటి కమలవ్వా ఆ మాటలు? అన్నం పెట్టనని నేనెప్పుడన్నాను? అందరూ తిన్నాక కడుపునిండా తినమన్నానా లేదా?"

"అన్నరమ్మా. నేను అబద్ధం చెప్తలే." కమలవ్వ గొంతులో కోపం లేదు. "అందరు తిన్న దినం ఒక్కటి చెప్పుండ్రి."

నాగేశ్వరి ఆ ఒక్క దినం కోసం మనసులో వెతికింది.

ఆమె కళ్లముందు ఎడమ అర కనిపించింది. పొద్దున క్లాసులకు పోయిన పిల్లలు మూడింటికి వచ్చి తింటారు. కాల్‌సెంటర్‌లో రాత్రి పనిచేసే పిల్లలు నాలుగింటికి లేచి తింటారు. వాళ్లు తినేసరికి చిరుతిండి వేళ. ఆపైన రాత్రి వంట. రాత్రి పదకొండింటికి వచ్చే పిల్లల కంచాలు అప్పటికీ ఎడమ అరలోనే. ఒక్కరోజైనా, ఒక్క గంటైనా ఆ అర ఖాళీగా ఉండగా తాను చూసిందా? లేదు. ఎనిమిది మంది ఇంటి నియమాన్ని ఎప్పటికీ తినడం ముగియని ఇంటికి తెచ్చిపెట్టి, ఒక మనిషిని నాలుగేళ్లు పస్తుంచింది. పైగా, టీ ఉంటే చాలు అన్నం అక్కర్లేదని నవ్వింది. నవ్వించింది.

"చాటుగానైనా తినలేకపోయావా?" అని మంజూష అడిగింది. రెండేళ్లు ఆ చేతి తిండి తిన్న పిల్ల ఆమె.

"దొంగతనంగ తింటనా బిడ్డా? నమ్మి వంటిల్లు నా చేతుల పెట్టిన్రు."

"అడగవచ్చుగా!"

"అడిగితే కాదంటే? ఆకలైతే ఆపుకుంట. పని పోతే యాడికి పోవాలె?"

అచ్యుతరావుగారు ఒక మూతప్పను పళ్లెంలో పెట్టి ఆమెకు అందించారు. కమలవ్వ కుర్చీ వద్దని నిలబడే కొరికింది. చాలాసేపు నమిలింది. అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఉన్నట్టుండి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఉప్పు జర తక్కువున్నది" అంది దిగ్భ్రమతో. "నాలుగేండ్ల సంది పోరగాండ్లకు గిట్ల సప్పగనే పెడుతున్ననా? ఒక్కలన్న చెప్పలేదేంది?"

మంజూష రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

ఫలితం చెప్పవలసిన వేళ అచ్యుతరావుగారు మైకు తీసుకోలేదు. ఉన్నచోటనే నిలబడి అన్నారు: "ఈ చిరుతిండికే మొదటి స్థానం. పని మాత్రం ఈ చేతుల పేరనే ఇవ్వాలి. ముప్పై ఏళ్లు పోషకాహారం బోధించాను. ఏ దినుసులో ఏ బలం ఉందో అంతా చెప్పాను. వండిన మనిషి తిన్నదా అని అడగమని ఏ విద్యార్థికీ చెప్పలేదు. నా పాఠమూ సప్పగానే ఉంది."

మంజూష కాగితం తెచ్చి కమలవ్వ ముందు పెట్టింది. కమలవ్వ దాన్ని ముట్టుకోలేదు.

"ఇక్కడ మీ ఆఫీసుల వండేటోళ్లు ఎన్నింటికి తింటరు బిడ్డా?"

మంజూష తెల్లబోయింది. ఏడాదిన్నరగా ఆ భోజనశాలలో రోజూ తింటున్నది. "నాకు... తెలీదు కమలవ్వా."

గోడవారగా తెల్లటోపీలతో నిలబడ్డవాళ్లలో సాయిలు అనే వంటమనిషి మెల్లగా అన్నాడు: "మూడున్నర దాటుతదవ్వా. మిగిలితే."

ఎనిమిది వందల మంది తినే ఆ చల్లని హాలులో, పోటీకి తెచ్చిన పన్నెండు రకాల చిరుతిళ్ల మధ్య, కాసేపు ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

"సోమవారం చెప్త" అంది కమలవ్వ, మూతలు సర్దుకుంటూ.

*

ఆటో పంజాగుట్ట నుంచి అమీర్‌పేట చేరింది. హాస్టల్‌లో మధ్యాహ్న భోజనాలు నడుస్తున్నాయి. నాగేశ్వరి చెప్పులు విడిచి నేరుగా అరలదగ్గరికి వెళ్లింది. ఎడమ అరలో పందొమ్మిది కంచాలు ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటీ వేలితో తాకుతూ లెక్కపెట్టింది. నాలుగేళ్లలో మొదటిసారి.

వాటిలో మొదటి అంకె కంచం తీసి కడిగి, బల్లమీద పెట్టి, అన్నమూ పప్పూ తానే వడ్డించింది.

"కూర్చో కమలవ్వా."

"ఇంకా పందొమ్మిది మందున్నరమ్మా."

"ఉండనీ."

వడ్డన కోసం వరసలో నిలబడ్డ పిల్లలు ఇటు తిరిగి చూశారు. కమలవ్వ కూర్చోలేదు. నాగేశ్వరి కళ్లలోకి సూటిగా చూసింది. ఆ ఇంట్లో ఆమె అలా చూడడం అదే మొదలు.

"ఈ ఒక్క దినానికా అమ్మా, ఎప్పటికా?"

నాగేశ్వరి గోడమీద ఆరోజు వంటలు రాసే నల్లబల్ల దగ్గరికి వెళ్లింది. ఆరోజు రాసిన వంటలన్నీ తుడిచేసి, అన్నిటికీ పైన సుద్దతో రాసింది: 'మొదటి కంచం వంటింటిది.' గబగబా రాసేసరికి అక్షరాలు వంకరపోయాయి. తరవాత ఎన్నిసార్లు బల్ల తుడిచినా ఆ వంకర అక్షరాలు మాత్రం ఎవరూ తుడవలేదు.

అప్పుడు కమలవ్వ కూర్చుంది.

"ఈ మొదటి అంకె కంచం ఎవరిది?" అని నాగేశ్వరి వరసవైపు తిరిగి అడిగింది.

"నాదండీ" అంది భానుశ్రీ, కళ్లు తుడుచుకుంటూ. "కమలవ్వకే ఇచ్చేశాను ఆంటీ."

కమలవ్వ సోమవారం పంజాగుట్ట వెళ్లి కాగితంమీద సంతకం చేసింది. దానిమీద ఆమె తన మాటగా ఒక వాక్యం రాయించింది: ఇక్కడి వంటవాళ్లు తినేది పన్నెండింటికి, అందరికన్నా ముందు. ఆ కాగితం కింద సాయిలు కూడా తనను ఎవరూ అడగకుండానే సంతకం పెట్టాడట. అప్పటినుంచి హాస్టల్ వంటింట్లోనే ఆఫీసు చిరుతిండికి రెండు పొయ్యిలు ఎక్కువ వెలిగాయి. మూతప్పలో ఉప్పు ఒక పలుకు పెరిగింది. ఇదే అసలు రుచి అన్నారు పిల్లలు.

మరుసటి నెల ఒక తల్లి కూతుర్ని చేర్చడానికి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి ఆశ్చర్యపోయింది. ఇంకా ఎవరూ తినకముందే వంటమనిషి బల్లదగ్గర కూర్చుని తింటున్నది.

"ఇదేంటండీ, మీ ఇంట్లో ఎంగిలి పట్టింపు లేదని ఎవరూ చెప్పలేదే?"

"ఉందండీ. మునుపటికన్నా ఎక్కువే ఉంది" అంది నాగేశ్వరి. "వండిన మనిషి ఆకలితో నిలబడి ఉండగా మనం తిన్న ప్రతి ముద్దా ఎంగిలే. అది తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మీకు పట్టకూడదు."